పావుగంట నిటారుగా

మూడో అంతస్తు,
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడికి,

జలుబు తగ్గిందని మరదలు చెప్పింది గానీ నీ దగ్గు మాట ఎత్తలేదు. అంటే తగ్గలేదన్నమాట. రంపం దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోమని నేను చెప్పడం, నువ్వు కట్టుకోకపోవడం, మనిద్దరికీ అలవాటైపోయింది.

ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నేను మాట్లాడుతుంటే నువ్వు మధ్యలో నవ్వుతావు. కాగితం చదువుతూ నవ్వినా నాకు వినబడదు.

విషయమేమిటంటే, నేనొక కుక్కను తెచ్చుకున్నాను. నవ్వు. అయిందా?

మోకాళ్ళ డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. ఒక్కదాన్నే వీధిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఏం పోగొట్టుకున్నారండీ అని ఇద్దరు ఆగి అడిగారు. ఒకాయన నాతోపాటు వెతకడం కూడా మొదలుపెట్టాడు. చేతిలో కుక్క ఉంటే ఎవరూ అడగరు కదా అనిపించింది. ఊరి చివర దిక్కులేని కుక్కల్ని పెట్టే షెల్టరు ఉంది, అక్కడికి వెళ్ళాను. మిగతావన్నీ తలుపు తియ్యగానే మీదికి దూకాయి. ఇదొక్కటే మెల్లగా వచ్చి నా చెప్పు మీద కూర్చుంది. లేవమంటే లేవదు. ఐదు నెలల పిల్ల. ముక్కు కోటు గుండీలా నల్లగా, గుండ్రంగా ఉంటుంది. అందుకని గుండీ అని పిలుస్తున్నాను.

షెల్టరాయన ఒక కాగితం ఇచ్చాడు. రెండు నెలల లోపు కుక్కలో ఏదైనా లోపం కనిపిస్తే ఆ కాగితం నింపి తిరిగి ఇచ్చెయ్యొచ్చట. బట్టల కొట్టువాళ్ళు కూడా వారం కంటే ఎక్కువ గడువు ఇవ్వరు.

వచ్చిన దగ్గర్నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. బాల్కనీ ఊచల మధ్య వాడి తల పడుతుందేమోనని తెల్ల గుడ్డ అడ్డం కట్టాను. కుట్టుమిషను వైరు మేకుకు తగిలించాను. నా సూదులు నలభై మూడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లెక్కపెడుతున్నాను. నిన్న సాయంత్రం నలభై రెండే ఉంటే ప్రాణం పోయింది. ఆ ఒక్కటీ నా జాకెట్టుకే గుచ్చుకుని ఉంది.

ఇంకొకటి. వాడు తిన్నది వెనక్కి వస్తోంది. వాంతి కాదు. డోకు లేదు, కడుపు ఎగరడం లేదు. ఊరికే తల వంచుతాడు, తిన్నది తిన్నట్టే గొట్టంలోంచి తీసినట్టు కిందికి జారుతుంది. కింది అంతస్తు డ్రిల్లు మాస్టారు, "కొత్త ఇల్లు కదండీ, బెంగ పెట్టుకుని ఉంటాడు" అంటారు. బెంగ సంగతి నాకు చెప్పాలా? బెంగ పడ్డవాళ్ళు తినరు. వీడు తింటాడు, కక్కుతాడు, అదే మళ్ళీ తింటాడు.

అక్క

*

వర్క్‌షాపు, చెక్కపొట్టు మధ్య,
గురువారం

అక్కా,

నవ్వాను. పక్క షెడ్డు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

నీకు దిగులుపడటానికి పాత సరుకంతా అయిపోయింది, కొత్తది కొనుక్కున్నావు. నా దగ్గు, నీ మరదలి బీపీ, మేడ మెట్లు, గ్యాసు సిలిండరు, ఇప్పుడు కుక్క. నన్ను ఒంటరిగా పంపితే లారీ కింద పడతానని ఏడో తరగతితో బడి మానేసి నా వెంట తిరిగినదానివి. నాకిప్పుడు అరవై ఒకటి. ఇంకా ఏ లారీ కిందా పడలేదు.

ముందు డాక్టరుకు చూపించు. లోపం ఉందంటే మొహమాటపడకుండా తిరిగి ఇచ్చెయ్. ముడి ఉందని తెలిశాక ఆ చెక్కతో ఎవడూ బల్ల చెయ్యడు. పోయాక ఏడవడం కంటే ముందే పంపించడం నయం. నీ గుండె సంగతి నీకంటే నాకు బాగా తెలుసు.

తమ్ముడు

వదినా, ఈయన మాటలకేం గానీ, పొద్దుట్నుంచి "కుక్కకు గుండీ అని పేరేమిటి" అని నాలుగుసార్లు అన్నారు. అంటే మనసంతా అక్కడే ఉంది. ఫొటో పంపండి. – మరదలు

*

మూడో అంతస్తు,
మంగళవారం, వాన

తమ్ముడికి,

చూపించాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురుంటే ఆ వయసుండేది. ఫొటో తీసి వెలుతురుకు పెట్టి చూపించింది. నోటి నుంచి కడుపు దాకా తిండి దిగే గొట్టం ఉంటుంది కదా, అది వీడికి పుట్టుకతోనే వదులట. ముద్దను కిందికి నెట్టే బిగువు లేదు. ఎలాస్టిక్ సాగిపోయిన లంగా నడుములాగా అన్నమాట. నేనలా అంటే డాక్టరమ్మ, "ఈ పోలిక నేనూ వాడుకుంటానమ్మా" అంది.

మందుతో పోయేది కాదు. పడుకున్నా, నాలుగు కాళ్ళ మీద నిలబడినా తిండి అక్కడే ఆగిపోతుంది. ఆగింది వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే అంతే సంగతులు. అందుకని మనిషిలా నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి. తిన్నాక ఇంకో పావుగంట అలాగే ఉంచాలి. రోజుకు నాలుగుసార్లు. నీళ్ళయినా అంతే. దాని బరువుకే అది దిగాలి.

"బతుకుతాడా?" అని అడిగాను.

"బరువు పెరిగితే బతుకుతాడు. ఇప్పుడు ఐదున్నర కిలోలు. గడువులోపు ఏడు దాటాలి. దగ్గు, జ్వరం, ఊపిరిలో గురగుర, ఏదొచ్చినా ఆ పూటే తీసుకురండి. చాలామంది వల్ల కాదమ్మా, తిరిగి ఇచ్చేస్తారు" అంది.

"తిరిగి ఇస్తే అక్కడ వీణ్ణి ఎవరు కూర్చోబెడతారు?"

నలభై కుక్కలకు ఇద్దరు మనుషులున్నచోటు అది.

కాబట్టి ముడి, చెక్క, ఆ కబుర్లు నాకు చెప్పకు. ఒళ్ళో నిలబెట్టి పట్టుకుంటున్నాను. ఐదో నిమిషానికి భుజాలు లాగేస్తున్నాయి. పదో నిమిషానికి వాడు నా గడ్డం నాకడం మొదలుపెడతాడు. పదిహేనో నిమిషానికి ఇద్దరం ఒకరి మీద ఒకరం వాలిపోతున్నాం. డాక్టరమ్మ ఒక కుర్చీ బొమ్మ చూపించింది. చంటిపిల్లల కుర్చీలాంటిదే, ఇరుకుగా, వీపు చెక్కకు ఆనేలా, ముందు గిన్నె పెట్టే బల్ల. అటూ ఇటూ కదలకూడదు. బొమ్మ కాగితం మీద గీసి జత చేశాను. వెడల్పు తొమ్మిదంగుళాలు, ఎత్తు ఇరవై రెండు. తొందరగా చెయ్యి. నీ దగ్గు ఎలా ఉంది?

అక్క

*

వర్క్‌షాపు,
శనివారం

అక్కా,

చెప్పినా వినవు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవాలి గానీ, ఊరుకోలేక కుర్చీ మొదలుపెట్టాను. మంచి చెక్క. మూలలన్నీ గుండ్రంగా తీశాను, గోళ్ళకు పట్టదు. మేకులు కనబడకుండా లోపలి నుంచి కొట్టాను.

కుర్చీ చేశాను కదా అని నా మాట మారిందనుకోకు. ఏడు కిలోలు దాటకపోతే తిరిగి ఇచ్చేస్తానని మాట ఇవ్వు. ఒక ముసలావిడ, ఒక జబ్బు కుక్క, లిఫ్టు లేని మూడో అంతస్తు. ఈ లెక్క నాకు నచ్చలేదు.

సరుకు వ్యానువాడితో సోమవారం పంపుతున్నాను. దగ్గు బాగుంది, నన్నొదిలి ఉండలేకపోతోంది.

తమ్ముడు

*

మూడో అంతస్తు,
మంగళవారం

తమ్ముడికి,

నీ కుర్చీ వచ్చింది. వ్యానువాడు కింద నిలబడి, "అమ్మగారూ, ఇది సింహాసనమా?" అని అరిచాడు. మెట్ల మలుపులో ఇరుక్కుంటే రెండో అంతస్తు వాళ్ళు తలుపు తీసి వాళ్ళ హాల్లోంచి తిప్పి పైకి పంపారు. గుండీని కూర్చోబెట్టాను. అటు కొంత, ఇటు కొంత ఖాళీ. వాడు అందులో ఒక చుట్టు తిరిగి, ముడుచుకుని, నిద్రపోయాడు.

డ్రిల్లు మాస్టారు సన్నగా ఉంటారు కదా, "ఎంత పట్టిందో చూద్దాం" అని ఆయన కూర్చున్నారు. హాయిగా పట్టారు. బల్ల మీద పేపరు పరుచుకుని అరగంట చదివారు. లేవమంటే, "చాలా సౌకర్యంగా ఉందండీ" అంటారు.

టేపు పెట్టి కొలిచాను. పదిహేనంగుళాలు. నేను రాసింది తొమ్మిది. ఏం చేశావురా?

అక్క

*

వర్క్‌షాపు,
గురువారం

అక్కా,

ఒట్టేసి చెప్పు. ఆ తొమ్మిది అసలు కొలతేనా?

నేను ఒప్పుకుంటున్నాను. నువ్వు కుక్కను గట్టిగా అదిమిపట్టి కొలిచి ఉంటావని మూడంగుళాలు కలిపాను. లోపల దిండు వెయ్యకుండా నువ్వు ఉండవు, దానికో రెండు. చిత్రిక పట్టాక చెక్క తగ్గుతుందని ఇంకొకటి. మా పనిలో సూత్రం తెలుసుగా, ఎక్కువైతే కొయ్యొచ్చు, తక్కువైతే అతకలేం.

తమ్ముడు

*

మూడో అంతస్తు,
ఆదివారం

తమ్ముడికి,

సూత్రం నీకొక్కడికే తెలుసా? వాడి అసలు కొలత ఆరు. ఊపిరాడటానికి లూజు ఒకటి, ఎదిగే పిల్ల కదా అని రెండు. యాభై ఏళ్ళు బడిపిల్లల బట్టలు కుట్టినదాన్ని, ఎదిగే పిల్లకు కుట్టులో గుడ్డ వదలకుండా కొలత ఎలా రాస్తాను? నేను మూడు దాచాను, నువ్వు ఆరు దాచావు. మధ్యలో మాస్టారికి కుర్చీ దొరికింది.

తిరిగి పంపను, కొయ్యనూ కొయ్యను. పాత కోట్ల లైనింగు గుడ్డ తీసి, దూది కూరి, రెండు పక్కలా దిండ్లు కుట్టాను. వీపు దగ్గర ఒకటి, గడ్డం కింద చిన్నదొకటి. కుర్చీకి కూడా నడుము దగ్గర లూజు తగ్గించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. వాడు ఎదిగేకొద్దీ ఒక్కో దిండులోంచి కాస్త దూది తీసెయ్యొచ్చు.

ఇప్పుడు అమరింది. నానబెట్టి మెత్తగా చేసిన తిండి గిన్నెలో పెడితే, ముందుకాళ్ళు రెండూ బల్ల మీద ఆనించి, పెద్దమనిషిలా తింటాడు. మాస్టారు స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంటారు. పావుగంట అవ్వగానే మెల్లగా ఈల వేస్తారు. గుండీకి అలవాటైపోయింది, ఈల వినబడేదాకా కదలడు. నిన్న వీధిలో ట్రాఫిక్ పోలీసు ఈల వేస్తే దిగడానికి చూశాడు. రెండు కాళ్ళూ పట్టుకున్నాను.

మూడు రోజులుగా ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు. రాకపోతే కూడా భయంగా ఉంది. ఎక్కడికి పోతోందో అని.

అక్క

*

మూడో అంతస్తు,
శుక్రవారం

తమ్ముడికి,

ఆరు కిలోల మూడొందలు. ఎలా తూచామంటావేమో. వాణ్ణెత్తుకుని మాస్టారింట్లో తూకం మిషను ఎక్కుతాను. తర్వాత నేనొక్కదాన్నే ఎక్కుతాను. తీసివేత మాస్టారు చేస్తారు. ఆయన కాగితం మీద రెండు గళ్ళు గీసి రాస్తున్నారు. రెండోది ఎందుకంటే, "మీది" అన్నారు. నాది ఎవరికి కావాలి?

పోయిన వారం ఒక పూట దగ్గాడు. రెండే రెండు సార్లు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కాను. డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "కొంచెం నెమ్ము మొదలైంది, ఇంకో రోజు ఆగి ఉంటే కష్టమయ్యేది" అని మందు ఇచ్చింది. నేను సిగ్గుపడుతూ, "నాకు ప్రతిదానికీ భయమమ్మా, మా తమ్ముడు తిడతాడు" అన్నాను. "ధైర్యవంతుల దగ్గర ఈ జబ్బు కుక్కలు బతకవమ్మా. రెండు దగ్గులకు ఎవరొస్తారు?" అంది. ఈ మాట నీకోసం పెద్ద అక్షరాలతో రాద్దామనుకున్నాను, కాగితం సరిపోదని మానేశాను.

ఇప్పుడు బాగున్నాడు. నా టేపు మొదటి రెండంగుళాలు నమిలేశాడు. నేనూ బాగానే ఉన్నాను. కుడిపక్క పోటు వస్తుంటుంది, మిషను మీద వంగి కూర్చోవడం వల్ల. తినబుద్ధి కాదు, అదీ ఎండల వల్లే.

అక్క

*

ఇంటి నుంచి,
సోమవారం

అక్కా,

ఎండలేమిటి, పది రోజులుగా మీ ఊళ్ళో వాన.

మాస్టారు రెండో గడి నాకు పంపారు. ఐదు వారాల్లో కుక్క ఎనిమిదొందల గ్రాములు పెరిగింది, నువ్వు నాలుగు కిలోలు తగ్గావు. కింద ఒక వాక్యం కూడా రాశారు: "ఆమె ఒక పెద్దాసుపత్రికి రెండుసార్లు వెళ్ళి వచ్చారు, నాతో సూదుల కొట్టుకని చెప్పారు, చేతిలో కాగితం చూస్తే పిత్తాశయంలో రాళ్ళని ఉంది."

నేను ఫోను చేస్తే ఎత్తలేదు. నీ మరదలు చేస్తే ఎత్తి, కుక్క గురించి ఇరవై నిమిషాలు మాట్లాడావు. నా దగ్గు మాట ప్రతి ఉత్తరంలో అడుగుతావు, నీ కడుపులో రాళ్ళ మాట ఒక్క ఉత్తరంలోనూ లేదు.

ఎల్లుండి పొద్దున బస్సుకు వస్తున్నాను. ఆపరేషనుకు తేదీ తీసుకో. కుక్కను ఎవరు కూర్చోబెడతారని అడగొద్దు. నేను కూర్చోబెడతాను.

తమ్ముడు

*

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
సోమవారం సాయంత్రం

తమ్ముడికి,

ఫ్లాస్కు తెచ్చిన మాస్టారి చేతికే ఇది ఇస్తున్నాను. రేపు పొద్దున ఆపరేషను. మామూలుదేనట, అందరూ అదే అంటున్నారు. ఇంతమంది అదే మాట అంటే భయమేస్తుంది.

మిషను సొరుగులో షెల్టరు కాగితం ఉంది. ఎల్లుండి బుధవారంతో రెండు నెలలు అయిపోతాయి. నింపి, సంతకం పెట్టి ఉంచాను. నాకేదైనా అయితే వాణ్ణి ఇచ్చెయ్. నువ్వా దగ్గుమనిషివి, మరదలికి బీపీ, మీ నెత్తిన పెట్టలేను. అయితే డాక్టరమ్మతో చెప్పి, కూర్చోబెట్టేవాళ్ళు ఎవరైనా దొరికేదాకా ఆగమను. కుర్చీ కూడా ఇచ్చెయ్. దిండ్లు ఉతికి ఇవ్వు.

మొదటి ముద్ద చిన్నది పెట్టాలి. తొందరపడతాడు.

అక్క

*

మూడో అంతస్తు,
మంగళవారం సాయంత్రం

అక్కా,

ఆపరేషను బాగా అయిందని మాస్టారు చెప్పారు. రాళ్ళు డబ్బాలో పోసి చూపించారట కదా. లేవగానే "గుండీ తిన్నాడా" అన్నావట. నర్సు అది నీ మనవడనుకుందట.

తిన్నాడు. కానీ ఒక సంగతి. పదహారో నిమిషంలో దించితే తుమ్మాడు. ఒక్కసారే. తుమ్మితే ఏం చెయ్యాలో నువ్వు రాయలేదు. మళ్ళీ కుర్చీలో పెట్టాను. ఇంకో పావుగంట ఉంచాను. మాస్టారు ఇక చాలన్నారు, నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నాడు. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. నిమిషానికి ఇరవై రెండు సార్లు. ఎక్కువా?

తొందరగా రాసి పంపు.

తమ్ముడు

*

వార్డు,
బుధవారం పొద్దున

తమ్ముడికి,

తుమ్మితే తుమ్మనీ. నీకు రాదా తుమ్ము? ఇరవై రెండు మంచిదే. నిద్రపోయేవాణ్ణి నిద్రపోనీ. నువ్వూ ఏమైనా తిను.

కాగితం సంగతి రాయలేదేం?

అక్క

*

మూడో అంతస్తు,
బుధవారం సాయంత్రం

అక్కా,

ఇవాళ ఆఖరి రోజు కదా, షెల్టరాయన తనే వచ్చాడు, ఆ కాగితం అడిగాడు. అంతకుముందే డాక్టరమ్మ రమ్మంటే వెళ్ళి తూచాం. ఆరు కిలోల తొమ్మిదొందలు. ఏడు దాటలేదు. వంద గ్రాములు తక్కువ.

నేనేమన్నానో నాకు గుర్తుంది. ఏడు దాటకపోతే ఇచ్చెయ్యమన్నాను. ఇప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితం నా చేతిలో ఉంది. వాడేమో కుర్చీలో కూర్చుని నన్నూ షెల్టరాయన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. గడ్డం మీద మెతుకుంది.

షెల్టరాయన కాగితం చదివాడు. రెండుసార్లు చదివాడు. "ఏమండీ, 'కుక్కలో కనిపించిన లోపం' అని ఉన్నచోట మీ అక్కగారు 'అరవై ఎనిమిదేళ్ళు, పిత్తాశయంలో రాళ్ళు' అని రాశారేమిటి?" అన్నాడు.

నేను తీసుకుని చూశాను. నీ అక్షరాలే, కుట్టు వేసినట్టు వరసగా.

"ఇది చెల్లదండీ. కుక్కలో లోపం ఉంటేనే మేం వెనక్కి తీసుకుంటాం. లోపమేమిటో మీరు చెప్పండి, రాసుకుంటాను" అని కలం తీశాడు.

మాస్టారి చేతిలో వాచీ నడుస్తూనే ఉంది. పన్నెండో నిమిషం. అప్పుడు కదిలించకూడదు కదా. ఆగమన్నాను. పావుగంట అయింది, మాస్టారు ఈల వేశారు. నేను వాణ్ణి దించాను. గదంతా ఒక చుట్టు తిరిగి వచ్చి నా చెప్పు మీద కూర్చున్నాడు.

కుక్కలో ఏ లోపమూ లేదని రాసి సంతకం పెట్టి పంపించాను.

తమ్ముడు

*

వార్డు,
గురువారం పొద్దున

తమ్ముడికి,

వంద గ్రాములకు నువ్వు అంత ఆలోచించావా? గడ్డం మీద మెతుకు తుడవకుండా తూచి ఉంటే ఏడు వచ్చేది.

కళ్ళు కొంచెం మండుతున్నాయి, ఇక్కడ ఫినాయిలు ఎక్కువ పోస్తారు. పక్క మంచం ఆవిడకు కూడా నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడకూ మండాయి.

ఇవాళ పన్నెండింటికి పంపించేస్తున్నారు. నన్ను తీసుకెళ్ళడానికి నువ్వు బయలుదేరకు. అది వాడి భోజనం వేళ.

అక్క